మూత తియ్యకండి, అవి పీతలు కావు!

పోయిన వారం కాంతాన్ని పూండి దగ్గర జీడితోటలో ఒక చచ్చిన చేప ఎదుట నిలబెట్టి వదిలేశాం. ఆ సంచిక చేతికి దొరకనివాళ్ళకు సంగతి చెప్పి ముందుకు పోదాం.

కాంతం తేనెటీగలు పెంచే మనిషి. అక్కుపల్లి చుట్టుపక్కల ఆమెతో పాటు మరికొందరు ఆడవాళ్ళు కూడా పెంచుతున్నారు. జీడిపూతకు ఈగ కావాలి, ఈగకు పూత కావాలి. ఒక తోటలో పూత రాలిపోతే పెట్టె ఎత్తుకుని ఇంకో తోటకు పోవాలి. మెలికంతా ఆ ఎత్తడంలోనే ఉంది. సబ్సిడీ పేరు చెప్పి వీళ్ళకు అంటగట్టినవి మొద్దు చెక్క పెట్టెలు. ఇద్దరు మగాళ్ళు పడితే గానీ లేవవు. ఆడవాళ్ళ కోసం పెట్టిన పథకంలో ఆడది ఎత్తలేని పెట్టె ఇవ్వాలన్న తెలివి ఎవడికొచ్చిందో గానీ వాడికి శాలువా కప్పాలి. పెట్టె లేవదు కాబట్టి వ్యాను కావాలి. వ్యాను తిరుమలరావుది. అంటే పెట్టెలు ఆడవాళ్ళవి, పెత్తనం తిరుమలరావుది. పోయిన ఏడు నౌపడ ఉప్పుమళ్ళ పక్కన మిట్టమధ్యాహ్నం వ్యాను ఆపి, టార్పాలిన్ బిగించి, టీకి పోయాడు. తిరిగొచ్చేసరికి లోపల మైనం కరిగి ఈగలన్నీ ముద్దయిపోయాయి. "మీ రాత" అన్నాడు, టీ మరక తుడుచుకుంటూ.

కాంతం ఆ రాతను ఒప్పుకోలేదు. అక్కుపల్లిలో చేపలవాళ్ళు పారేసిన థర్మాకోల్ పెట్టె ఒకటి తెచ్చింది. సోడా వేసి తోమింది. వాసన పోయేదాకా ఎండలో పెట్టింది. లోపల పేడా పసుపూ కలిపి అలికింది. పక్కలకు కన్నాలు పొడిచి, కన్నాలకు దోమతెర గుడ్డ అంటించి, ఈగలున్న చట్రాలను అందులోకి దింపింది. చంకన పెట్టుకుంటే చంటిపిల్లంత బరువు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ, పూండిలో పెద్ద తోట ఉన్న మల్లేశ్వరరావు దగ్గరికి పోయి మాట తీసుకుంది. ఈ తేలిక పెట్టెలో ఈగలు బతికి చేరితే ఈ పూతకు తోట మొత్తం ఆడవాళ్ళ పెట్టెలకే. చస్తే ఎప్పటిలాగే తిరుమలరావు వ్యానుకే. "ఆదివారం మధ్యాహ్నం లోపల నా కళ్ళతో బతికున్న ఈగల్ని చూడాలి" అన్నాడు మల్లేశ్వరరావు. 

ఆదివారం వేకువనే పెట్టె మూసి, మేనల్లుడి వరసయ్యే మహేష్ ఆటోలో ఎక్కించింది. తను ముందు బస్సులో పోయి తోటలో బల్ల సర్దింది. మహేష్ తోట గుమ్మంలో పెట్టె దించి పలాస వెళ్ళిపోయాడు. కుదుపులకు బెదిరిన ఈగలు కుదురుకోవాలని కాంతం దాన్ని చాలాసేపు ముట్టుకోలేదు, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తోటి ఆడవాళ్ళంతా చేరాక మూత తీసింది. మంచుగడ్డల మీద పడుకుని ఒక చందువ చేప ఆమెకేసి గుడ్లప్పగించి చూసింది.

ఇక ఈ వారం.

"సేపే," అంది ఆ ఆడవాళ్ళలో ఒకరైన నారాయణమ్మ, పెట్టెలోకి తొంగిచూసి.

"నాకు కళ్ళున్నాయి," అంది కాంతం.

"ఈగలే సేపలైపోనాయా కాంతమప్పా? పేడా పసుపూ ఎక్కువేసీసినావేటి?"

"నువ్వు నోరు ముయ్యే నారాయణమ్మా, నాను ఆలోసించుకోవాల."

ఆలోచించుకోవలసిన అవసరం పడలేదు. తోట బయట ఆటో హారన్ మోగింది. మహేష్ పలాస నుంచి తిరిగొచ్చాడు, కిరాయి కోసం నవ్వుకుంటూ. పెట్టె చుట్టూ ఆడవాళ్ళ మొహాలు చూశాడు. పెట్టెలోకి చూశాడు. నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు అలాగే మొహం మీద ఉంచుకున్నాడు.

"ఇది మల్లేశ్వరరావు గారి సేప కదా అత్తా."

"మరి నా ఈగలెక్కడరా?"

"రెండూ ఒకే ఆటోలో ఎక్కినాయి. రెండూ తెల్లపెట్టిలే. రెండిటికీ తాడే. నాను మొన్ననే సెప్పినాను కదా, ఎర్రరంగుతో ఈగబొమ్మ గియ్యి అని."

చెప్పాడు. అబద్ధం కాదు. రంగు డబ్బా కూడా తెచ్చిచ్చాడు. 'నా పెట్టి నాకు తెలీదేటి' అని కాంతమే ఆ డబ్బాను గుమ్మం వెనక్కి తోసేసింది. ఈ తీరంలో తెల్ల థర్మాకోల్ పెట్టె కనిపిస్తే లోపలేముందని ఎవడూ అడగడు. చేప. పిల్లాడినడిగినా చేపే అంటాడు. ఊరంతా చేప అనుకునే పెట్టెలో ఈగల్ని పెట్టి, దాని మీద గీత కూడా గియ్యకుండా రోడ్డెక్కించింది. తప్పు తనదేనని ఆమెకు తెలుసు. తెలుసు కాబట్టే గొంతు పెంచింది.

"బొమ్మ సంగతి తరవాత. ఎక్కడ దించినావు?"

"పలాసలో. మల్లేశ్వరరావు గారి పెరట్లో, వంటకాడ."

"వంటకాడా!"

మహేష్ అప్పటికే ఫోను తీశాడు. మల్లేశ్వరరావు ఎత్తలేదు. ఈగల్ని చూస్తానన్న రోజునే ఆయన పార్టీ మారుతున్నాడు. జిల్లా నాయకుడు టెక్కలి నుంచి వస్తున్నాడు, ఆయన మెళ్ళో దండ, కడుపులో చందువ పులుసు పడితే గానీ కండువా మారదు. అలాంటి రోజున ఫోనెవడు ఎత్తుతాడు? వంట మేస్త్రి భాస్కరరావు ఎత్తాడు. వెనక డప్పులు వాయించి చూసుకుంటున్నారు.

"భాస్కరన్నా, ఆ పెట్టి..." మొదలెట్టాడు మహేష్.

"అందినాది, అందినాది! సేప సెప్పితే పీతలు కూడా పంపినారు. మంచి బుద్ధున్నోళ్ళు!"

"పీతలేటి?"

"సెవి పెట్టి విన్నాన్రా. గరగర, గరగర. బతికే ఉన్నాయి. నీళ్ళు పొయ్యి మీదున్నాయి, మరగ్గానే పెట్టితో పళంగా గుమ్మరించెయ్యడవే..."

డప్పు మీద దెబ్బ పడింది. ఫోను తెగింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

కాంతం చేప పెట్టెకు మూతేసి, తాడు బిగించి, ఆటోలో పడేసి పక్కన కూర్చుంది. నారాయణమ్మ కూడా ఎక్కబోయింది. "నువ్వు ఇక్కడే ఉండు. బల్లకి సీమలు పట్టకుండా సూడు" అని తోసేసింది.

ఆటో కంకర దారిలో ఎగిరెగిరి పడింది. "మెల్లగా పోనీరా" అందామె అలవాటు కొద్దీ, పెట్టెను ఒడిలో పట్టుకుని. పెట్టెలో ఉన్నది చేపేనని గుర్తొచ్చి, "బేగి పోనీరా ఎదవా!" అంది.

పూండి రైలుగేటు పడి ఉంది. ఎప్పుడు పడదు గనక? గూడ్సు ఒకటి ఒక్కో పెట్టే లెక్కచెప్పుకుంటున్నట్టు కదులుతోంది. పక్కన మోటారు సైకిలు మీదున్నాయన ఆటోలోకి తొంగిచూశాడు.

"చందువేనా? కేజీ ఎంత?"

"అమ్మకానికి కాదు."

"మూత తియ్యి, సూసుకుంటాను."

"బాబూ, పొద్దున్నించీ మూతలు తీసి తీసి నా బతుకు ఇలాగయినాది. నీ దారి నువ్వు సూసుకో."

గేటు లేచింది.

పలాసలో మల్లేశ్వరరావు ఇంటి ముందు రోడ్డంతా షామియానా. ఇంటికన్నా ఎత్తు ఫ్లెక్సీ. అందులో పాత పార్టీ కండువా మీద కొత్త కండువా బొమ్మ అతికించారు, అంచు దగ్గర పాతది ఇంకా కనబడుతోంది. ఒక పక్క క్రేను. క్రేను కొక్కేనికి గజమాల. బంతిపూలు, చామంతులు, మధ్యమధ్య గులాబీలు. మోసేవాడు లేకుండా మనిషి మెళ్ళో వెయ్యలేని దండలు ఏ మనిషికి పనికొస్తాయో అడిగేవాడు లేడు. క్రేను పక్కనే తిరుమలరావు వ్యాను నిలబెట్టి ఉంది. దండ తెచ్చింది అందులోనే.

మెయిన్ గేటు దగ్గర ఖద్దరు చొక్కాలవాళ్ళు అడ్డం నిలబడ్డారు. కాంతం చేప పెట్టెను నెత్తిన పెట్టుకుంది. అంతే. ఒక్కడూ ఎవరని అడగలేదు. అందరూ ముక్కు మూసుకుని, ఒకే చేత్తో పెరటి సందు చూపించారు. ఆమె నడవలేదు, పరిగెత్తింది.

పెరట్లో రాళ్ళపొయ్యి మీద గుండిగ. అందులో పసుపు నీళ్ళు తెర్లుతున్నాయి. ఇద్దరు వంటవాళ్ళు కాంతం పెట్టెను చెరో పక్కా పట్టుకుని గుండిగ అంచు మీదికి ఎత్తారు. భాస్కరరావు తాడు విప్పి మూత మీద చెయ్యి వేశాడు.

"మూత తియ్యకండి!" కాంతం కేక షామియానా దాకా వినిపించింది. "అవి పీతలు కావు!"

"మరేటి, రొయ్యలా?" అన్నాడు భాస్కరరావు, చెయ్యి తియ్యకుండా.

"తేనిటీగలు! నా ఈగలవి!"

పెట్టె పట్టుకున్న ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇద్దరూ ఒకేసారి వదిలెయ్యబోయారు. వదిలితే కింద సలసలా మరిగే నీళ్ళు.

"ఒగ్గకండి! మూత తీస్తే మీకు సావు, ఒగ్గితే ఆటికి సావు. అలాగే వెనక్కి రండి. మెల్లగా... ఆ... అరుగు మీద పెట్టండి."

పెట్టారు. పెట్టి, ఆ ఇద్దరూ గోడ దూకి పోయారు. సాయంత్రం దాకా కనబడలేదని తరవాత తెలిసింది.

భాస్కరరావుకు తన పరువు గుర్తొచ్చింది. "ఈగల్ని వంటింటికి పంపినావేటప్పా? నా సేప ఏది?"

"నీ సేప నా నెత్తి మీదున్నాది. నా ఈగలు నీ అరుగు మీదున్నాయి. ఇది దించుతాను, అది తీసుకుంటాను. సరా?"

"సరే," అన్నాడు భాస్కరరావు. బేరం అక్కడితో అయిపోయేదే. కాంతం చేప పెట్టె దించి తన పెట్టె వైపు తిరిగింది. తిరిగి, అలాగే నిలబడిపోయింది.

కన్నాలు లేవు.

చుట్టూ పొడిచిన కన్నాలన్నిటి మీదా అట్టపెట్టెలకు వేసే వెడల్పాటి గోధుమరంగు టేపు. ఒక వరస కాదు, మూడు వరసలు. గాలి చొరబడే సందు లేకుండా, మూల మూలా నొక్కి మరీ అంటించారు.

"ఎవలు?" అంది కాంతం. గొంతు బాగా తగ్గింది.

"నేనే," అన్నాడు వెనకనుంచి మల్లేశ్వరరావు. గంజి పెట్టిన తెల్ల చొక్కా, తెల్ల పంచె, భుజం మీద ఇంకా ఏ కండువా లేదు. పక్కన తిరుమలరావు, నోట్లో పుల్ల. "చేపల పెట్టెకు కన్నాలేమిటి? చల్లదనమంతా పోతుంది కదా! మంచు కరిగితే చేప ఏమవ్వాలి? ఫ్యాక్టరీ నుంచి టేపు తెప్పించి నా చేత్తో నేనే వేశాను. ఇన్ని పనుల్లో కూడా ఇలాంటివి చూసుకునేది నేనే. నువ్వేంటి కాంతం ఇక్కడ?"

కాంతం పెట్టెకు చెవి ఆనించింది. పొద్దున మూసినప్పుడు లోపల ఒక నిండు మోత ఉండేది, దూరంగా పిండిమర ఆడుతున్నట్టు. ఇప్పుడు భాస్కరరావు పీతలనుకున్న ఆ గరగర కూడా లేదు. ఒక పక్కనుంచి మాత్రం సన్నగా, ఆగి ఆగి ఏదో వినబడుతోంది. థర్మాకోల్ చేత్తో తాకితే వేడిగా ఉండదు. లోపలున్న వేడిని బయటికి చెప్పదు. ఆమె వేలు మూత సందులో పెట్టింది. ఆవిరి తగిలింది.

"ఊపిరాడక సత్తన్నాయి," అంది, టేపు గోళ్ళతో పీకుతూ.

"ఏవి చస్తున్నాయి?"

"నీ తోటకి రావల్సిన ఈగలు బాబూ. సేప పూండికెళ్ళినాది, ఈగలు నీ వంటింటికొచ్చినాయి. నువ్వు ఆటికి టేపేసినావు."

మల్లేశ్వరరావు రెండడుగులు వెనక్కి వేశాడు. తిరుమలరావు నోట్లో పుల్ల తీశాడు. నవ్వడానికి అడ్డమొస్తుందని.

"అయితే పందెం తేలిపోయింది కదా బావా," అన్నాడు మల్లేశ్వరరావుతో. "తేలిక పెట్టెలో ఈగలు చచ్చాయి. నేను చెప్తూనే ఉన్నాను. చేపల డబ్బాలో ఈగలేమిటి? చెక్క చెక్కే."

"నీ చెక్కలో సచ్చినప్పుడు మా రాత అన్నావు," అంది కాంతం. టేపు ఒక వరస ఊడింది. "ఇవి సావలేదింకా. సస్తే నా పెట్టి వల్ల కాదు, ఈ బాబు టేపు వల్ల."

"నాకేం తెలుసు అవి ఈగలని!" అన్నాడు మల్లేశ్వరరావు. "నువ్వు పెట్టె మీద రాయాలి కదా!"

కాంతం రెండో వరస పీకింది. మూడోది దోమతెర గుడ్డతో కలిసిపోయి ఊడి రావడం లేదు. లోపలినుంచి గుడ్డకు ఈగలు అంటుకుని ఉన్నాయి, తలలు బయటికి పెట్టి, రెక్కలు తడిసి.

"మూత తియ్యాల," అంది. "వేరే దారి నేదు."

"తియ్యకు!" మల్లేశ్వరరావు గొంతు చీలింది. "నాయకుడు టెక్కలి ఎప్పుడో దాటేశాడు. ఇప్పుడు ఈగల్ని వదులుతావా? వంద మంది ఉన్నారు బయట! ఆయన భోంచేసి వెళ్ళేదాకా ఆగు. సాయంత్రం తీసుకో."

"సాయంత్రానికి వీటిని సేటలో ఎత్తుకెళ్ళాల."

"అయితే నష్టం ఇచ్చేస్తాను."

"నష్టం కాదు బాబూ, మాట ఇచ్చినావు. బతికున్న ఈగల్ని కళ్ళతో సూస్తానన్నావు. రా మరి, సూడు!"

ఈ పెద్దమనుషుల మాటలు ఎప్పుడూ ఇంతే. ఈగలు బతకాలి, కానీ వాళ్ళ భోజనం అయ్యాక. ఆడవాళ్ళు బాగుపడాలి, కానీ వాళ్ళ కండువా మారాక.

వంటింటి గుమ్మంలోంచి కామేశ్వరమ్మ వచ్చింది. మల్లేశ్వరరావు భార్య. పట్టుచీర, చేతిలో హారతి పళ్ళెం. ఆ పళ్ళెం భాస్కరరావు చేతిలో పెట్టి, నేరుగా అరుగు దగ్గరికి వచ్చి, వంగి పెట్టెకు చెవి పెట్టింది.

"ఏవండీ, ఇవి మూలుగుతున్నాయి."

"నువ్వు లోపలికి వెళ్ళు కామేశ్వరీ. కుడతాయి!"

"మీరు టేపేస్తుంటే నేను చెప్పలేదూ? చేపలు మూలగవండీ అని! వింటేనా? కాంతం, తీసెయ్ మూత. ఈ పాపం నా పెరట్లో వద్దు."

కాంతం మూత అంచు పట్టుకుంది. ఆమెకు తెలుసు. ఇంత ఉడికిన ఈగలు మూత తీస్తే గూట్లో నిలవవు. లేచి పోతాయి. ఎటు పోతాయో చెప్పలేం. రాణీగను వెంటబెట్టుకుని ఏ కొండ చరియకో పోయాయంటే పెట్టె ఖాళీ, తోట పోయింది, ఇక్కడితో ఆడవాళ్ళందరి నోరూ మూతబడింది. మూత ఉంచితే ఈగలు చస్తాయి. తీస్తే తను ఓడిపోవచ్చు.

తీసింది.

ముందు ఆవిరి లేచింది, పేడా పసుపూ తేనే కలిసిన వాసనతో. తరవాత ఏమీ లేదు. "అయిపోయినాయి" అన్నాడు తిరుమలరావు, తొంగిచూడ్డానికి ముందుకొచ్చి. అప్పుడు లేచాయి. ఒకటీ రెండూ కాదు, పొయ్యిలోంచి పొగ లేచినట్టు మొత్తం ఒక్కసారి. తిరుమలరావు వెనక్కి పడ్డాడు, తెచ్చిన చేప పెట్టె మీద. భాస్కరరావు హారతి పళ్ళెంతో సహా బల్ల కింద దూరాడు. మల్లేశ్వరరావు ఎప్పుడు మాయమయ్యాడో ఎవరూ చూడలేదు. కామేశ్వరమ్మ మాత్రం కొంగు నెత్తిన కప్పుకుని కదలకుండా నిలబడింది. ఆమెను ఒక్కటి కూడా ముట్టలేదు.

ఈగలు పెరటి మీద ఒక చుట్టు చుట్టాయి. మునగచెట్టు మీదికి పోయాయి, పోగై, మళ్ళీ విడిపోయాయి. ఇంటి కప్పు దాటి ముందు వైపు పోయి కనబడకుండా పోయాయి.

కాంతం పెట్టెలోకి చూసింది. అడుగున కొన్ని చచ్చిపడి ఉన్నాయి. తేనెపట్టు చెక్కుచెదరలేదు, తేనె కారలేదు, మైనం కరగలేదు. చట్రం ఒక్కోటీ తీసి చూసింది. రాణీగ లేదు.

"పెట్టి బాగానే ఉన్నాది," అంది కామేశ్వరమ్మతో. చట్రం తిప్పి మళ్ళీ చూసింది. "ఈగలే నేవు."

తిరుమలరావు లేచి నిలబడ్డాడు. వెనక పంచె నిండా చేప నీళ్ళు. అయినా గెలిచిన మొహం. "సాక్షులున్నారు. పెట్టె ఖాళీ. బతికున్న ఈగ ఒక్కటి చూపించు చూద్దాం. ఒక్కటి!"

కాంతం ఆకాశంకేసి చూసింది. ఫిబ్రవరి ఎండ తెల్లగా ఉంది. ఒక్కటి కూడా లేదు.

అప్పుడు ఇంటి ముందు నుంచి మల్లేశ్వరరావు కేక. మనిషి కేకలా లేదు, ఫ్యాక్టరీ సైరన్‌లా ఉంది.

"బతికే ఉన్నాయి! కాంతం! అన్నీ బతికే ఉన్నాయే! నా దండ మీదున్నాయి!"

కామేశ్వరమ్మ తిరుమలరావు వైపు చూసింది. "సాక్షులున్నారన్నావు కదా తమ్ముడూ, మొదటి సాక్షి మీ బావే."

కాంతం చట్రాలు పెట్టెలో సర్దింది, పెట్టె చంకన పెట్టింది, పరిగెత్తింది. చెక్క పెట్టె అయితే ఈ వాక్యం రాయడానికి వీలుండేది కాదు.

ఇంటి ముందు క్రేను చెయ్యి పైకి లేచి ఉంది. గజమాల గాల్లో వేలాడుతోంది. దాని అడుగున, బంతిపూల మధ్య, పనసకాయంత నల్లటి గుత్తి. కదులుతోంది, మెరుస్తోంది. చుట్టూ జనం, చేతులు పైకెత్తి సెల్‌ఫోన్లు పట్టుకుని. ఒక్కడూ పారిపోవడం లేదు, వీడియో పోతుందని. డప్పులవాళ్ళు పుల్లలు గాల్లో ఆపేశారు. సరిగ్గా అప్పుడే తెల్లకార్లు మూడు వచ్చి ఆగాయి. జిల్లా నాయకుడు దిగాడు. నలుదిక్కులా దండం పెట్టాడు. దండ చూసి మురిసిపోయాడు. మెడ కొంచెం వంచి, దాని కిందికే వచ్చి నిలబడ్డాడు. ఆయనకు కళ్ళజోడు మరిచిపోవడం అలవాటని తరవాత చెప్పారు.

"దింపమంటారా సార్?" అని క్రేనువాడు అరిచాడు.

"వద్దు!" అన్నారు మల్లేశ్వరరావూ, కాంతమూ ఒకేసారి.

మల్లేశ్వరరావు ఆమె దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. గంజి చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. "తియ్యి తల్లీ. నీకు పుణ్యముంటుంది. ఆయన నెత్తి మీద పడితే నాకు ఈ పార్టీ లేదు, ఆ పార్టీ లేదు."

"గుత్తి కట్టిన ఈగలు ఊరికే కుట్టవు బాబూ. దండ ఊపకుండా ఉంటే సాలు. పెట్టి కింద పెట్టి దులిపితే గూట్లోకొచ్చీస్తాయి." పెట్టె చంకలో సర్దుకుంది. "బతికున్నాయా?"

"బతికున్నాయి!"

"సూసినావా?"

"చూశాను! నా కళ్ళతో చూశాను!"

"తోట?"

"మీకే. మీ పెట్టెలే."

"మైకులో సెప్పు."

మల్లేశ్వరరావు మొహం మాడిపోయింది. అయినా మైకు అందుకున్నాడు. కొత్త పార్టీలో ఆయన మొట్టమొదటి ప్రసంగం ఇది: "నా జీడితోట మొత్తానికి... ఈ పూతకు... మన ఆడవాళ్ళ తేలిక పెట్టెలే... పెట్టిస్తున్నాను."  జిల్లా నాయకుడు అది తమ పార్టీ పథకమే అనుకుని గట్టిగా చప్పట్లు కొట్టాడు. జనం కొట్టారు. మహేష్ ఈల వేశాడు. పక్కన నిలబడ్డ ఎవరో ఇది తనే పెట్టించిన పథకమని అప్పుడే చెప్పుకోవడం మొదలెట్టాడు.

కాంతం చుట్టూ చూసింది. నిచ్చెన లేదు. దండ అందే ఎత్తు ఒక్కటే ఉంది, క్రేను పక్కన నిలబెట్టిన తిరుమలరావు వ్యాను. ఇన్నేళ్ళు ఆ వ్యాను ఎక్కాలంటే వాడి నోటికేసి చూడాల్సొచ్చేది. ఇప్పుడు ఎవర్నీ అడగలేదు. బంపరు మీద కాలు పెట్టింది, టైరు మీద పెట్టింది, టాపు మీదికి ఎక్కి నిలబడింది.

ఎడమ చేత్తో పెట్టెను గుత్తి కిందికి ఎత్తి పట్టుకుంది. ఒక్క చేత్తో. నెత్తి కన్నా ఎత్తుకు. కుడి చేత్తో బంతిపూల తీగ పట్టుకుని ఒక్క కుదుపు కుదిపింది. గుత్తిలో సగం, తడిమట్టి జారినట్టు, పెట్టెలో పడింది. జనంలోంచి ఒక్క ఊపిరి. కింద జిల్లా నాయకుడు ఆ కుదుపుకు రాలిన పూలరేకులు తనకోసమే అనుకుని మళ్ళీ దండం పెట్టాడు.

"పిన్నీ, అయిపోయినాదా?" ఎవరో అరిచారు.

"ఉండండ్రా. రాణి ఇంకా పైనే ఉన్నాది." ఆమెకు కనబడుతోంది. పూల సందులో, పొడుగాటి ఒళ్ళు, చుట్టూ ముసిరిన ఈగలు. అది పెట్టెలోకి దిగితే అన్నీ దిగుతాయి. అది ఎగిరితే పెట్టెలో పడ్డవి కూడా లేచి దాని వెంట పోతాయి. ఇంకొక్క కుదుపు. కాళ్ళు ఎడం చేసి నిలదొక్కుకుంది. పెట్టె ఇంకొంచెం పైకెత్తింది. చెయ్యి తీగ మీద వేసింది.

మహేష్ జనాన్ని తోసుకుంటూ వ్యాను వైపు పరిగెత్తడం కంటి కొసన కనిపించింది. ఏదో అరుస్తున్నాడు. వినబడలేదు.

కాళ్ళ కింద రేకు వణికింది. వ్యాను ఇంజను లేచింది. డ్రైవరు సీటులో, చేప నీళ్ళ పంచెతో, తిరుమలరావు గేరు మార్చాడు.